అణువులకు టిచ్ బటన్లు

పిల్లలూ, ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి నన్ను రెండు రోజులపాటు వదలలేదు. ఆరో తరగతి చదివే ఒక అమ్మాయి రాసింది: "ప్లాస్టిక్కు, నైలాను, రబ్బరు అన్నీ చిన్న చిన్న అణువులను గొలుసులాగా కలపగా అయినవేనని మా సైన్సు మాస్టారు చెప్పారు. అణువు కంటికే కనబడదు గదా! దాన్ని పట్టుకుని ఇంకొక అణువుకు ముడి వేయాలంటే అంత సన్నని వేళ్ళు ఎవరికి ఉన్నాయి?"

చూడటానికి చిన్న ప్రశ్నే. కాని పెద్ద పెద్ద రసాయన శాస్త్రజ్ఞులు తలలు బద్దలు కొట్టుకున్నది కూడా ఈ ప్రశ్న మీదనే.

అంత సన్నని వేళ్ళు ఎవరికీ లేవు. శాస్త్రజ్ఞుడు చేయగలిగిందల్లా రెండు పదార్థాలను ఒక పాత్రలో పోసి కలపటమే. ఆ పాత్రలో కోటానుకోట్ల అణువులు ఇటూ అటూ పరిగెత్తుతూ, ఒకదాన్నొకటి గుద్దుకుంటూ ఉంటాయి. వాటికవే కలుసుకోవాలి, వాటికవే ముడిపడాలి. వెయ్యిమంది పిల్లలకు కళ్ళకు గంతలు కట్టి మైదానంలో వదిలి, "అందరూ చేతులు పట్టుకుని ఒక్కటే వరస కావాలి, మధ్యలో ఎక్కడా తెగకూడదు" అన్నట్టుగా ఉంటుంది ఆ పని. ఎవరో ఒకరు చెయ్యి వదిలేస్తారు. ఇంకెవరో చెయ్యనుకుని పక్కవాడి చొక్కా పట్టుకుంటారు.

ఒక్క ముడి తప్పితే ఏమవుతుందో నాకు ఎనిమిదో ఏటనే తెలిసింది. మా నాయనమ్మ మల్లెపూలు కట్టేటప్పుడు ప్రతి ముడినీ ఒకసారి లాగి చూసేది. అదంతా అనవసరమైన ఆలస్యమని నాకు తోచేది. ఒకనాడు నేనే గబగబా ఒక మూర దండ కట్టి మా చెల్లెలి జడలో పెట్టాను. గుడికి పోయేలోగా సగం దండ దారిలో పడిపోయింది. దండలో డెబ్భయి, ఎనభై ముడులు ఉండి ఉంటాయి. వాటిలో జారింది ఒక్కటే. కాని అంత దండా రెండు ముక్కలయింది.

అణువుల గొలుసుకూ ఇదే చిక్కు. దీని లెక్క ఎట్లా ఉంటుందో మీరు ఇంట్లోనే చూడవచ్చు. పది చింతపిక్కలు ఏరండి. పచ్చీసు ఆటకు చేసినట్టుగా ఒకదాన్ని గచ్చు మీద అరగదీసి తెల్లగా చేయండి. పదింటినీ ఒక డబ్బాలో వేసి, కళ్ళు మూసుకుని ఒకటి తీయండి. నల్లపిక్క వస్తే ముడి పడిందన్నమాట. కాగితం మీద ఒక చుక్క పెట్టి, దాన్ని ముందు చుక్కతో గీతగీసి కలపండి. తెల్లపిక్క వస్తే ముడి జారిందన్నమాట. గీత కలపకుండా కొత్త చుక్కతో కొత్త గొలుసు మొదలుపెట్టండి. తీసిన పిక్కను మళ్ళీ డబ్బాలో వేసి, బాగా కలిపి, మళ్ళీ తీయండి. ఇట్లా నూరుసార్లు చేసి, ఒక్కొక్క గొలుసులో ఎన్ని చుక్కలున్నాయో లెక్క కట్టండి. కొన్ని పొడుగ్గా వస్తాయి, కొన్ని పొట్టిగా వస్తాయి. సగటున మాత్రం పది చుక్కల చుట్టుపక్కల ఉంటుంది.

ఇప్పుడు నూరు పిక్కలలో ఒక్కటే తెల్లది ఉన్నదనుకోండి. సగటు గొలుసు నూరు చుక్కల దాకా పోతుంది. వెయ్యిటిలో ఒక్కటే తెల్లదైతే వెయ్యి చుక్కల దాకా పోతుంది. మీకు పరీక్షలో నూటికి తొంభై మార్కులు వస్తే ఇంట్లో మిఠాయి పంచుతారు. గొలుసు కట్టే అణువులకు నూటికి తొంభై వస్తే ఆ పరీక్ష తప్పినట్టే! పది అణువుల ముక్కలతో దారం కాదు. జిగట ముద్దో, పెళుసు ముద్దో మిగులుతుంది.

ఈ లెక్కను మొదట స్పష్టంగా చూసినవారిలో ఒకడు అమెరికాలోని ద్యుపాంట్ కంపెనీలో పనిచేసిన వాలెస్ కెరోథర్స్. అటువంటి పొడుగాటి గొలుసులను పాలిమర్లు అంటారు. వాటిని కట్టేటప్పుడు ఆయనకు అడ్డు వచ్చినది, చెబితే నవ్వుతారు, నీళ్ళు! ఆయన వాడిన అణువులు ముడిపడినప్పుడల్లా ఒక్కొక్క నీటి అణువు బయటికి వచ్చేది. ఆ నీరు అక్కడే ఉంటే ఊరుకోదు. పడిన ముడిని తిరిగి విప్పేస్తుంది. ఒకపక్క కడుతూ ఉంటే, మరొకపక్క ఊడిపోతూ ఉంటుంది. అందుచేత బాగా వేడిచేసి, నీటిని ఎప్పటికప్పుడు లాగివేసే ఏర్పాటు చేయవలసి వచ్చింది. 1930లో ఆయన దగ్గర పనిచేసే జూలియన్ హిల్ అట్లా తయారైన కరిగిన ముద్దలో కడ్డీ ముంచి పైకి లాగితే, సాలెపురుగు దారం లాంటి పోగు వచ్చింది. 1935లో అదే ప్రయోగశాలలో నైలాను పుట్టింది.

నైలాను పుట్టింది గాని, అంత వేడికి తట్టుకునే అణువులు అన్నీ ఉండవు. మందులు, మాంసకృత్తులు, బతికి ఉన్న జీవకణాలు మొదలైనవాటిని గొలుసులో కలపాలంటే వేడి పనికిరాదు. పైగా అటువంటి అణువులకు అన్ని వైపులా చేతులే. మనం ఒక చేతిని కలపబోతే ఇంకొకటి వచ్చి పట్టుకుంటుంది.

ఇక్కడ మీ అమ్మ రవికకు కుట్టిన టిచ్ బటన్లను జ్ఞాపకం చేసుకోండి. మామూలు గుండీ పెట్టాలంటే కాజా వెతకాలి, గుండీని పక్కకు తిప్పాలి, దూర్చాలి. టిచ్ బటనుకు అదేమీ లేదు. ఒకపక్క బొడిపె, ఒకపక్క గుంట. నొక్కితే టిక్కుమని పడుతుంది. బొడిపె బొడిపెతో కలవదు, గుంట గుంటతో కలవదు, రెండూ బట్టకు అంటుకోవు. పడిన తరువాత కింద రాలేది ఏమీ ఉండదు. అణువులకు ఇటువంటి బటన్లు కుట్టగలిగితే?

ఈ మాటను 2001లో ముగ్గురు శాస్త్రజ్ఞులు ఒక వ్యాసంలో రాశారు. వారి పేర్లు హార్ట్‌ముత్ కోల్బ్, ఎం. జి. ఫిన్, బ్యారీ షార్ప్‌లెస్. ఆ టిక్కుమనే శబ్దాన్ని ఇంగ్లీషువాళ్ళు "క్లిక్" అంటారు కనుక, ఈ పద్ధతికి క్లిక్ కెమిస్ట్రీ అని పేరు పెట్టారు. నిజానికి అణువులు కలిసేటప్పుడు చప్పుడేమీ కాదు! వాళ్ళు కోరినది ఏమిటంటే, ముడి తప్పకుండా పడాలి, సులభంగా పడాలి, వీలైతే నీళ్ళలోనే పడాలి, హాని చేసే చెత్త మిగలకూడదు. చాలామంది రసాయన శాస్త్రజ్ఞులు అతికష్టమైన నిర్మాణాల వెంటపడుతున్నారనీ, కొద్దిపాటి నమ్మకమైన ముడులతోనే కావలసినవన్నీ కట్టవచ్చుననీ వారి వాదం. తమాషా ఏమిటంటే, సరిగ్గా ఆ సంవత్సరమే షార్ప్‌లెస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. అయితే అది దీనికి కాదు; అంతకుముందు చేసిన, ఇంకా ఎంతో చిక్కైన పనికి!

షార్ప్‌లెస్ గురించి మరొక సంగతి చెప్పాలి. ఆయనకు ఒక కన్ను కనబడదు. 1970లో, అప్పుడే కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులలో, ఒక రాత్రి పని ముగించి ఇంటికి బయలుదేరాడు. ఇక వెళ్ళిపోవటమే గదా అని రక్షణ కళ్ళద్దాలు తీసేశాడు. పోతూ పోతూ, ఒక విద్యార్థి గడ్డకట్టించి మూసిన గాజు గొట్టాన్ని దీపానికి ఎదురుగా ఎత్తి చూశాడు. అందులో ప్రాణవాయువు ద్రవమై చేరి ఉన్నది. గొట్టం పేలింది. గాజుముక్కలు కంటిలో దిగాయి. తరువాత ఆయనే ఈ సంగతి రాసి, ప్రయోగశాలలో ఉన్నంతసేపూ కళ్ళద్దాలు తీయవద్దని అందరినీ హెచ్చరించాడు. రసాయనాలు ముట్టుకోబోయే పిల్లలెవరైనా ఉంటే ఈ పేరాను రెండుసార్లు చదవండి.

సరే, బటన్లు కావాలన్నారు. మరి అవి ఎక్కడ దొరికాయి?

బొడిపె ఒక చోట, గుంట ఒక చోట ముందునుంచే ఉన్నాయి. మూడు నత్రజని పరమాణువులు వరసగా నిలబడితే దాన్ని అజైడ్ అంటారు. రెండు కర్బన పరమాణువులు మూడు చేతులతో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటే దాన్ని ఆల్కైన్ అంటారు. గ్యాసు వెల్డింగు చేసేచోట మండే ఎసిటిలీన్ వాయువు అన్నిటికన్న చిన్న ఆల్కైన్. ఈ రెండు రకాలూ కలిస్తే, మూడు నత్రజని పరమాణువులూ రెండు కర్బన పరమాణువులూ గుండ్రంగా చేతులు పట్టుకుని అయిదుగురి ఉంగరం అవుతుంది. దాని పేరు ట్రయజోల్. దాన్ని విప్పటం సామాన్యం కాదు. నీటి అణువు వగైరా ఏమీ బయటికి రావు. అందుచేత కెరోథర్స్‌కు వచ్చిన బెడద ఇక్కడ లేదు.

ఈ ఉంగరాల సంగతి జర్మనీలో మ్యూనిక్ నగరంలో ఉన్న రోల్ఫ్ హ్యూస్గెన్ 1960 ప్రాంతాలలోనే ఎంతో శ్రమపడి పరిశీలించాడు. కాని అవి కలవాలంటే వేడి చేయాలి, గంటల తరబడి కాచుకోవాలి. అప్పుడు కూడా ఉంగరం ఒకే విధంగా రాదు. సగం ఒకవైపు తిరిగి, సగం మరొకవైపు తిరిగి రెండు రకాలుగా వస్తుంది. బటను ఉన్నది, బిగుసుకుపోయి ఉన్నది. దాన్ని నొక్కే వేలు కావాలి.

ఆ వేలు రాగి అని తేలింది. అది కూడా ఒకచోట పొరపాటున తేలింది. డెన్మార్కు దేశపు రాజధాని కోపెన్‌హాగన్‌లో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాల ఉన్నది. 1875లో ఒక బీరు కంపెనీ యజమాని దాన్ని పెట్టాడు. పులుపును, క్షారాన్ని కొలిచే పి.హెచ్. కొలత కూడా 1909లో అక్కడే పుట్టింది. మోర్టెన్ మెల్దాల్ అనే ఆయన అక్కడ మందులకు పనికివచ్చే అణువులను తయారుచేస్తూ, ఒక ఆల్కైన్‌ను మరొక అణువుతో కలపబోయాడు. కొద్దిగా రాగి కూడా వేశాడు. ఆ రెండో అణువుకు ఒక కొసన ఆయన కలపదలచుకున్న చెయ్యి ఉన్నది, రెండో కొసన ఊరికే ఒక అజైడ్ ఉన్నది. ఆల్కైన్ పోయి పోయి ఆ రెండో కొసను పట్టుకున్నది! అనుకున్నది రాలేదని పారపోసి ఉంటే కథ అక్కడితో ముగిసేది. మెల్దాల్ మాత్రం ఏమి వచ్చిందో పట్టి చూశాడు. అంతా చక్కని ఉంగరాలే, అన్నీ ఒకే రకం.

అక్కడ ఆయనా, అమెరికాలో షార్ప్‌లెస్, వాలెరీ ఫోకిన్ మొదలైనవారూ ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే ఇదే కనిపెట్టి, 2002లో ప్రకటించారు. అమెరికావారు వాడిన సామగ్రి వింటే ఇదేనా అనిపిస్తుంది. ఒకటి మైలుతుత్తం, తోటలలో చెట్లకు సున్నంతో కలిపి కొట్టే నీలపు మందు. రెండోది సి విటమిను లవణం, అంటే ఉసిరికాయలలో ఉండే విటమినే. మైలుతుత్తంలో రాగి ఉన్నది గాని, ఆ రూపంలో అది ఈ పని చేయదు. సి విటమిను దాన్ని పనిచేసే రూపంలోకి మారుస్తుంది. దానితో చర్య కోటి రెట్ల దాకా వేగం పుంజుకుంటుంది. వేడి అక్కరలేదు, నీళ్ళున్నా ఫరవాలేదు.

ఇక పాలిమర్లు చేసేవారు ఊరుకుంటారా? 2004లో షార్ప్‌లెస్, ఫిన్, ఫోకిన్ బృందమే ఒక జిగురు చేసింది. నాకు ఈ కథలో అన్నిటికన్న నచ్చింది ఇదే. మూడేసి, నాలుగేసి అజైడ్లు ఉన్న చిన్న అణువులూ, అట్లాగే ఆల్కైన్లు ఉన్న చిన్న అణువులూ కలిపి రెండు రాగి రేకుల మధ్య పూశారు. ఆ రేకుల నుంచే కాస్త రాగి ఊడి ద్రవంలోకి వచ్చి, బటన్లను నొక్కేసింది. ఒక్కొక్క అణువుకు మూడు నాలుగు చేతులున్నాయి కనుక వచ్చింది గొలుసు కాదు, చేపల వలలాగా అన్ని వైపులా ముడిపడిన అల్లిక. రేకులు అతుక్కుపోయాయి. బరువులు కట్టి లాగి చూస్తే, బజారులో అమ్మే జిగుర్లకు అది తీసిపోలేదు. అతకవలసిన వస్తువే తన జిగురును తాను బిగించుకున్నదన్నమాట!

వల అన్నాను గనుక ఇంకొక సంగతి. నీళ్ళను పీల్చుకుని మెత్తగా ఉండే పాలిమరు వలలు ఉంటాయి. కళ్ళలో పెట్టుకునే మెత్తని లెన్సులు అటువంటివే. మామూలు పద్ధతిలో అల్లితే ఆ వలలో చాలా ముడులు పడవు. కొసలు ఊరికే వేలాడుతూ ఉంటాయి. లాగినప్పుడు బరువంతా పడిన ముడుల మీదనే పడి, అవి పటపటా తెగుతాయి. 2006లో క్రెయిగ్ హాకర్, ఆయనతో పనిచేసినవారూ ఈ వలను క్లిక్ పద్ధతిలో అల్లి చూస్తే, ముడులు దాదాపు అన్నీ పడి, వల మునుపటికన్న గట్టిగా వచ్చింది. మా నాయనమ్మ చూస్తే మెచ్చుకునేది.

ఇంతవరకు బాగానే ఉన్నది. కాని రాగి జీవకణాలకు గిట్టదు. కొంచెం ఎక్కువైతే కణాలు చచ్చిపోతాయి. బతికి ఉన్న కణాల నడుమ బటను పెట్టాలంటే రాగి లేకుండా నొక్కాలి. దీనికి ఉపాయం కనిపెట్టినది కెరోలిన్ బెర్టోజ్జి అనే అమెరికా శాస్త్రజ్ఞురాలు. ఆల్కైన్‌కు తిన్నగా, కర్రలాగా ఉండటమంటేనే ఇష్టం. 2004లో ఆమె దాన్ని ఎనిమిది పరమాణువుల ఉంగరంలో ఇరికించి వాడింది. అందులో అది బలవంతంగా వంగి, నారి బిగించిన విల్లులాగా ఉంటుంది. అజైడ్ తగిలిందంటే చాలు, ఎవరూ నొక్కకుండానే కలిసిపోతుంది. కణానికి ఏమీ కాదు.

2009లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో క్రిస్టీ ఆన్సెత్ బృందం ఈ రకపు బటన్లతో నీటి వలను బతికి ఉన్న కణాల చుట్టూనే అల్లింది. కణాలు వలలో చిక్కుకుని కూడా బతికే ఉన్నాయి. తరువాత గంధకం ఉన్న మరొక రకం బటనును, వెలుతురు పడితేనే బిగిసేదాన్ని, వాడి తాము కోరిన చోటనే వేరే అణువులను వలకు కుట్టారు. శరీరంలో కణాలు తమ చుట్టూ ఉన్నదాన్ని బట్టి ఎట్లా నడుచుకుంటాయో తెలుసుకోవటానికి, దెబ్బతిన్న భాగాలను తిరిగి పెంచే మార్గం వెతకటానికి ఇటువంటి వలలు కావాలి.

2022లో షార్ప్‌లెస్, మెల్దాల్, బెర్టోజ్జి ముగ్గురికీ కలిపి రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. షార్ప్‌లెస్‌కు అది రెండోది. అప్పటికి ఆయనకు 81 ఏళ్ళు. ఉంగరాలను ముందుగా పరిశీలించిన హ్యూస్గెన్ అంతకు రెండేళ్ళ కిందట, 2020లో, తొంభైతొమ్మిది ఏళ్ళు బతికి చనిపోయాడు. చనిపోయినవారికి ఆ బహుమతి ఇవ్వరు. ఆయన ఇంకొంత కాలం ఉండి ఉంటే బాగుండేదని నాకు అనిపించింది.

ఇదంతా చదివి, మీ ఇంట్లో ప్లాస్టిక్కు బకెట్టు కూడా ఇట్లాగే చేశారనుకోకండి. బకెట్లు, సంచులు మామూలుగా చవకైన వాయువుల నుంచి పాత పద్ధతులలోనే తయారవుతాయి. అజైడ్లు, ఆల్కైన్లు కుట్టిన అణువులు ఖరీదైనవి. పైగా చిన్న అజైడ్లలో కొన్ని పేలతాయి. వాటితో పని తెలిసినవారు కూడా భయపడుతూనే చేస్తారు. మైలుతుత్తం విషం. ఉసిరికాయ పచ్చడిలో కలిపి చూద్దామని ఎవరికైనా బుద్ధి పుడితే, వద్దు!

ఇంకొక చిక్కు ఉన్నది. టిచ్ బటనును మళ్ళీ లాగితే ఊడుతుంది. ఈ ఉంగరం మాత్రం ఒకసారి పడితే ఊడదు. దాని మంచితనమంతా అదే, దాని చెడ్డతనమూ అదే. గట్టిగా అల్లిన వలను కరిగించి ఇంకొక వస్తువు పోయటానికి వీలుండదు. కనుక ఇప్పుడు కొందరు శాస్త్రజ్ఞులు, కావలసినంత కాలం గట్టిగా ఉండి, చెప్పినప్పుడు విడిపోయే ముడుల కోసం వెతుకుతున్నారు.

ఉత్తరం రాసిన అమ్మాయీ, నీ ప్రశ్నకు జవాబు అందిందా? చింతపిక్కల ఆట నువ్వే మొదట ఆడి, నీకు వచ్చిన అన్నిటికన్న పొడుగు గొలుసులో ఎన్ని చుక్కలున్నాయో రాయి. నేను నిన్న రాత్రి నూరుసార్లు తీశాను. నా పొడుగు గొలుసు ముప్ఫయి ఒకటి.